ఆ ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం

డిగ్రీ పాసయ్యానని ఫోన్‌లో చూసుకున్న సాయంత్రం అబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా నా కాళ్లు నేల మీద ఆనలేదు. మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లే లేరు. పండ్ల బండి ఆయనకు కూడా చెప్పాను. బడిలో ఆయాగా చేసే అమ్మను ఐస్‌క్రీం దుకాణానికి తీసుకెళ్లాను. ఆమెకు షుగర్, రెండు పూటలా ఇన్సులిన్ సూది పడాలి. నేను తింటుంటే చూస్తూ కూర్చుంది.

“రేపు మందిరంల సాక్ష్యం చెప్పాలె బిడ్డా,” అంది.

మా మందిరం నాంపల్లిలో ఒక దుకాణం పైఅంతస్తులోని చిన్న చర్చి. దేవుడు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పేవాళ్లు ముందు పాస్టరుగారికి వినిపించాలి. ఆయన నాలుగు ప్రశ్నలడిగి, కొన్ని మాటలు తీసేయించి, అప్పుడే మైకు ఇస్తారు. ఆ ఆదివారం అడగలేదు. పేరున్న బోధకుడొకాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన ముందు నన్ను ఆపడానికి మొహమాటపడ్డారు.

పరీక్షల ముందు పిల్లల హాల్ టికెట్ల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది ఆ బోధకుడే. “గందుకే పాసైన,” అన్నాను మైకులో. తెల్లవారుజామున లేచి చదివిన సంగతి చెప్పలేదు.

బోధకుడు అమ్మ వైపు తిరిగాడు. “బిడ్డను పాస్ చేసిన దేవుడు తల్లి షుగర్ తీసెయ్యడా? విశ్వాసం ఉన్నోళ్లకు సూదులెందుకు?”

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

ఆ రోజు నుంచే సూది మానేసిన అమ్మ బుధవారానికి నీళ్ల బిందె పక్కనుంచి కదలడం లేదు. ఎంత తాగినా దాహమే. సూది తెస్తే చెయ్యి తోసేసింది.

“సాక్ష్యం చెప్పింది నువ్వే గదనే. అబద్ధమా మరి?”

పాస్టరుగారిని పిలుచుకొచ్చాను. ఆయన మాటా వినలేదు.

“మైకు మీరే ఇస్తిరి గద అయ్యగారూ. ఆ దినం ఎందుకు సప్పుడు చెయ్యలే? అందరి ముంగట తప్పని చెప్పున్రి, గప్పుడు ఏస్కుంట.”

ఆ సాయంత్రం కూడికలో ఆయన బైబిలు తెరవలేదు. “ఆ మాట తప్పని నాకు ఆదివారమే ఎరుక. పెద్దమనిషి ముంగట నోరు మూస్కున్న. మిమ్ముల కాయాల్సినోన్ని నేను. మందులు బంజేసినోళ్లు చేతులెత్తున్రి.”

అమ్మ చెయ్యి లేచింది. తర్వాత గుండె జబ్బు పెద్దాయనది. తర్వాత ఫిట్స్ వచ్చే అమ్మాయిది. ఆదివారం చప్పట్లు కొట్టిన చేతులే అవన్నీ. ఒక్కొక్కటీ చూస్తూ వచ్చి ఆయన కీబోర్డు దగ్గర ఆగిపోయారు. అక్కడ పాటలకు వాయించే ఆయన భార్య తల దించుకుని చెయ్యి ఎత్తి ఉంది.

“లెవ్వున్రి, దవాఖానకు పోదాం,” అన్నారు.

దవాఖానలో అమ్మను పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. “సూది ఎవరు బంజేయమన్నరు?” అంది నర్సు. నేను నోరు తెరిచేలోగా పాస్టరుగారు, “నేనే సిస్టర్, వీళ్ల పాస్టర్‌ను,” అన్నారు.

నర్సు ఆయన వెనక నిలబడ్డ మా అందరినీ ఒకసారి చూసింది.

“గీ వారంల మీది మూడో మందిరం.”