అలవాటు లేదండి

మొన్న ఆదివారం ఆరాధన అయిపోయాక మా మనవరాలు నన్ను రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర కొత్తగా తెరిచిన కాఫీ షాపుకి లాక్కుపోయింది. గోడ నిండా ఒక పెద్ద బోర్డు, దాని మీద నా జన్మలో వినని కాఫీల పేర్లు, బోర్డు కింద టోపీ పెట్టుకున్న ఒక చిన్నపిల్ల. "మీకు కాఫీ ఎలా కావాలండీ?" అని ఆ పిల్ల ఎంతో మర్యాదగా అడిగితే నేను ఆలోచించకుండానే "అలవాటు లేదమ్మా" అనేశాను. పక్కన మా మనవరాలు పడీ పడీ నవ్వింది. నవ్వదూ మరి, పొద్దున్న ఆరింటికల్లా నా గ్లాసు నా చేతిలో పడకపోతే ఇంట్లో ఎవరినీ కుదురుగా ఉండనివ్వనని దానికి బాగా తెలుసు. అది నవ్వుతూ ఉంటే, ఆ పిల్ల నా జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తూ ఉంటే, నేను మాత్రం అరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. ఆ మాట నాది కాదు, మా నాన్నగారిది.

మాది పాలకొల్లుకి నాలుగు మైళ్ళ దూరం. కాలవకి అవతలి ఒడ్డున ఊరు, ఇవతలి ఒడ్డున మా పేట. మా నాన్నగారు పేటలో మిషను వారి బడికి మాస్టారు. ఆదివారం పూట గుడిలో పిల్లలచేత పది ఆజ్ఞలు వల్లె వేయించేదీ ఆయనే. ఆయనకున్న ఒకే ఒక్క విలాసం కాఫీ. నెలకోసారి సైకిలు మీద పాలకొల్లు వెళ్ళి, శెట్టిగారి కొట్లో గింజలు కళ్ళముందే మర పట్టించుకుని, శెట్టిగారు చికోరీ కలపబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఆ పొట్లం చొక్కా జేబులో భద్రంగా పెట్టుకుని తెచ్చేవారు. మీలో ఇత్తడి ఫిల్టరు వాడినవాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, పొడి మరీ గట్టిగా అదమకూడదు, అలాగని అదమకుండా వదలనూ కూడదు, నీళ్ళు మరిగాక ఒక్క నిమిషం ఆగి పొయ్యాలి, పోశాక ఎంతవరకు దిగిందో అని మూత తీసి చూడకూడదు. ఆయనకి మొదటి డికాషనే కావాలి, గేదె పాలు ఒకే ఒక్క పొంగు రావాలి, మీగడ తేలకూడదు, పంచదార అరచెంచా. ఇంత హంగామా అయ్యాక అది మా మిషను దొరసానిగారు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన పింగాణీ కప్పులోనే తాగాలి.

మా అమ్మకి ఇదంతా వేళాకోళం. ఆవిడది టీ. అల్లం దంచి వేసి, ఆకు రంగంతా దిగేదాకా మరిగించి, పొయ్యి మీద ఉండగా కలిపితే పాలు విరిగిపోతాయని కిందికి దింపాకే బెల్లం కలుపుకుని, సత్తు గ్లాసుతో రెండు గుక్కల్లో తాగేసి కొంగుతో మూతి తుడుచుకునేది. మీ నాన్న కాఫీ దిగేలోపు నేను ఒక మడి ఊడ్చి రాగలను అనేది. ఆయన ఉడుక్కోకుండా కప్పు వాసన చూసుకుంటూ నవ్వేవారు.

అలాంటి మనిషి ఇంటి గడప దాటితే చాలు, ఎవరు కాఫీ ఇవ్వబోయినా చేతులు జోడించి "అలవాటు లేదండి" అనేవారు. ఊళ్ళో టీ కొట్టు దగ్గర అదే మాట, రైతుల అరుగుల దగ్గర అదే మాట. నాకది వింతగానే ఉండేది గాని, అమ్మ చేతి కాఫీ తప్ప ఇంకొకరిది నచ్చదు కాబోలు అని నా బుర్రకి తోచినట్టు సర్దుకున్నాను.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒక రోజు, ఊళ్ళో ఒక పెద్ద రైతుగారు కాలవ నీళ్ళ గురించి ఆఫీసరు గారికి అర్జీ రాయించుకోవడానికి నాన్నగారిని పిలిపించారు. ఆయన రాస్తే ఒక్క కొట్టివేత కూడా ఉండదని చుట్టుపక్కల పేరు. నేను వెంటపడితే నన్నూ తీసుకెళ్ళారు. అరుగు మీద నలుగురు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుంటే, మాస్టారికి కింద మెట్టు మీద గోనెపట్టా పరిచారు. ఆయన అట్ట ఒళ్ళో పెట్టుకుని రాస్తూ ఉంటే నేను పక్కన కూర్చుని కలం వంకే చూస్తున్నాను. ఆ ఇంటి అమ్మగారు గుమ్మంలోకి వచ్చి, మంచి మనసుతోనే, మాస్టారికి కాఫీ పంపమంటారా అని అడిగారు. నాన్నగారు మామూలుగా అలవాటు లేదండి అన్నారు. నాకు ఏం పుట్టిందో ఏమో, అబద్ధమాడకూడదని ఆజ్ఞలు వల్లె వేసిన నోరు కదా, "లేదండీ, మా నాన్నగారు రోజుకి మూడుసార్లు తాగుతారండీ, తాగకపోతే తలనొప్పి వస్తుందండీ" అని గట్టిగా చెప్పేశాను.

అరుగు మీద అందరూ ఘొల్లుమన్నారు. రైతుగారు కూడా నవ్వుతూనే, "ఏంటి మాస్టారూ, మా ఇంటి కాఫీకేం వచ్చిందండీ?" అని పాలేరుకి సైగ చేశారు. పాలేరు చూరులో దోపి ఉన్న సత్తు గ్లాసు ఒకటి తీసి, దులిపి, కడిగి తెచ్చి మెట్టు చివర పెట్టి ఎడంగా నిలబడ్డాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళ చేతుల్లో ఇత్తడి గ్లాసులు. ఆ చూరులో గ్లాసు నేను అంతకుముందు కూడా చూశాను, కూలికి వెళ్ళిన మా పేట వాళ్ళు దాంతో తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపడమూ చూశాను. అది మా నాన్నగారి కోసం కూడా అని నాకెప్పుడూ తట్టలేదు.

నాన్నగారు కలానికి మూత పెట్టారు. "తాగేవాణ్ణండి. మానేశాను" అన్నారు. ఎప్పుడు మానేశారండీ అని ఎవరో ఎకసెక్కంగా అడిగితే, "ఇప్పుడేనండి" అని, మళ్ళీ మూత తీసి, మిగిలిన నాలుగు వరసలూ కొట్టివేత లేకుండా రాసి ఇచ్చి లేచారు.

దారి పొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను. కాలవ మీద తాటిదుంగల వంతెన దాటేటప్పుడు చెయ్యి పట్టుకుని, నువ్వు చెప్పింది నిజమేనమ్మా, అబద్ధం నాది అన్నారు, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. ఇంటికి రాగానే ఫిల్టరు తోమి, ఎండలో ఆరబెట్టి, పింగాణీ కప్పుతో సహా గుడ్డలో కట్టి అటక మీద పెట్టేశారు. మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ గ్లాసుతో తాగలేక, తాగనని వాళ్ళ మొహాన చెప్పలేక, మీ నాన్న ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారే అంది. అంటరానితనం అనే మాట పుస్తకంలో అంతకుముందే చదివాను. పాఠం అప్పచెప్పి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

వారం రోజులు ఆయన తలకి తడిగుడ్డ కట్టుకునే బడికి వెళ్ళారు. ఇంట్లో తాగితే ఎవరు చూస్తారండీ అని అమ్మ బతిమాలితే, పిల్ల చూస్తుంది అన్నారు. ఆ మాట నాకు వినపడింది, ఇప్పటికీ వినపడుతుంది. ఆ తర్వాత పాలకొల్లు వెళ్ళినప్పుడు శెట్టిగారి మర వాసన తగలకుండా చుట్టు తిరిగి వేరే వీధిన వెళ్ళేవారట. అమ్మ కూడా ఆయన బడికి వెళ్ళాకే టీ పెట్టుకునేది. నేనూ కాఫీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. నా నోటి దురుసుతో మా ఇంట్లో ఆ వాసన పన్నెండేళ్ళు లేకుండా పోయింది.

ట్రైనింగు అయ్యాక నాకు తణుకు దగ్గర హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. మా హెడ్మిస్ట్రెస్ గారు మడీ ఆచారం ఉన్న ఇంటినుంచి వచ్చిన మనిషి, ఒంటరిగా ఉండేవారు, మాటలో కరుకు. ఇంటర్వెల్లో తన గదిలోనే స్టవ్ వెలిగించి అందరికీ కాఫీ కలిపేవారు. అన్నీ ఒకేలాంటి స్టీలు గ్లాసులు, తాగాక ఎవరి గ్లాసు వాళ్ళు కడిగి బోర్లించాలి, మర్నాడు ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆవిడ అడిగినప్పుడల్లా నేను అలవాటు లేదండి అనేదాన్ని. ఆవిడ నా వంక ఒకసారి చూసి ఊరుకునేవారు, కాని మర్నాడు మళ్ళీ అడిగేవారు.

ఒకసారి నాన్నగారు నేను మర్చిపోయిన సర్టిఫికెట్లు పట్టుకుని స్కూలుకి వచ్చారు. ఆవిడ లేచి నిలబడి, తన ఎదురుగా కుర్చీ చూపించి కూర్చోమన్నారు. పళ్ళెంలో గ్లాసులు సర్దుతూ, తాగుతారా అని అడగలేదు. "మాస్టారూ, కాఫీ ఎలా తాగుతారండీ?" అన్నారు.

ఆయన నోటి నుంచి రాబోయే మాట నాకు తెలుసు, ఆ మాట వచ్చేది నా వల్లనే అనీ తెలుసు. నాన్నగారు పళ్ళెంలో గ్లాసుల వంక చాలాసేపు చూశారు. తర్వాత నా వంక చూశారు. "మొదటి డికాషను ఉంటే చిక్కగానండి. పంచదార అరచెంచా" అన్నారు, కాస్త సిగ్గుపడుతూ. ఆవిడ అలాగే కలిపి చేతికి అందించారు. ఆయన కళ్ళు మూసుకుని మొదటి గుక్క తాగడం చూసి నేను మొహం కడుక్కోవడానికి పంపు దగ్గరికి పరుగెత్తాను.

బస్టాండులో, మరి మానేశానన్నారు కదా అని అడిగాను. ఆ మాట ఆ మెట్టు మీద కూర్చుని అన్నది కదమ్మా, అక్కడే ఉంటుందిలే అని నవ్వారు. ఆ వారమే ఫిల్టరు అటక దిగిందని అమ్మ ఉత్తరం రాసింది. సెలవులకి నేను ఇంటికి వెళ్ళేసరికి ఆ కప్పు అంచు విరిగి ఉంది, దింపేటప్పుడు తగిలిందట, ఆయన అలాగే తాగేవారు. నా ఒట్టు కూడా ఆ సెలవుల్లోనే ఆయన ఎదురుగా తీరిపోయింది.

ఇప్పుడా అరుగూ లేదు, ఆ చూరూ లేదు. ఈ షాపులో అందరికీ వేరే గ్లాసే, కాగితంది, తాగి పారేయడమే. నేను ఎవరినో, ఏ ఒడ్డు దాన్నో ఆ టోపీ పిల్లకి అక్కర్లేదు, అది ఎంత గొప్ప సంగతో ఆ పిల్లకి తెలియనూ తెలియదు. తెలియకపోవడమే మంచిది. కాని ఈ ప్రశ్న ఒక్కసారి వినడానికి మా నాన్నగారు జీవితంలో ఎన్నేళ్ళు ఆగారో తలుచుకుంటే, దాన్ని రోజుకి వందసార్లు ఇంత తేలిగ్గా అడిగే ఈ రోజుల్ని ఆయన చూడలేదే అని దిగులేసింది.

"అమ్మమ్మా, వెనక క్యూ ఉంది" అని మా మనవరాలు మోచేత్తో పొడిచింది. ఉండనీ అనుకున్నాను. చిక్కగా కావాలమ్మా అన్నాను, పంచదార అరచెంచా అన్నాను. సరిగా వినపడలేదు, మళ్ళీ చెప్పండి అంది ఆ పిల్ల. మళ్ళీ మొదటినుంచి, నెమ్మదిగా, మా నాన్నగారు చెప్పినట్టే చెప్పాను.