అత్త పాటలో దూడ

ఆదోనిలో డిగ్రీ చదివే రోజుల్లో నాకూ, ఎమ్మిగనూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉన్న నా స్నేహితుడికీ కలిపి ఒకటే కేసెట్టు ఉండేది. ఒక వారం నా దగ్గర, ఒక వారం వాడి దగ్గర. ఎవరి వారంలో వాళ్ళు ఒక పాట చివర చేర్చాలి. కొత్తగా దొరికిందైనా సరే, మరిచిపోయి మళ్ళీ దొరికిందైనా సరే. రెండోవాడు విని మార్కులు వేయాలి. పదికి నాలుగు దాటించడం మాలో మర్యాద కాదు.

రికార్డింగు అంటే రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి ఊపిరి బిగబట్టి కూర్చోవడమే. మేము బిగబట్టినా ఇల్లు బిగబట్టేది కాదు. నాకు ప్రాణమైన ఒక గజల్లో రెండో చరణం అయిపోగానే మా అమ్మ “పాలు పొంగినాయి!” అని అరుస్తుంది. చాలా ఏళ్ళ తర్వాత అదే గజల్‌ను మంచి స్టీరియోలో విన్నాను. పాలు పొంగలేదు. ఏదో వెలితి. టీ హోటల్లో పట్టిన కవ్వాలిలో పాటగాడు పై స్థాయికి ఎక్కే ముందు ఎవరో “దో చాయ్, ఏక్ చక్కెర కమ్” అంటారు. నా స్నేహితుడు వాళ్ళ ఊరి నుంచి తెచ్చిన సాలెవాళ్ళ భజన తత్వం వెనక మగ్గం ఆడుతూనే ఉంటుంది. తాళం తప్పిన చోటల్లా మగ్గమే సరిదిద్దేది. భజనలో తన గొంతు కూడా ఉందని వాడనేవాడు. నలభై గొంతుల్లో అది ఏదో నాకు ఎప్పుడూ దొరకలేదు. ఏనాటికైనా తన గొంతు విడిగా కేసెట్టులో వినబడాలని వాడి కోరిక. నేను దానికి మార్కులు వేయలేదు.

మా నాయన బడిపంతులు. ఆయనకూ ఒక కేసెట్టు ఉండేది. అందులో ఉన్నది ఒకే ఒక్క పాట, హొళగుందలో ఉండే మా అత్త, అంటే ఆయన అక్క, పాడిన కన్నడ హారతి పాట. మా అవ్వ దగ్గర నేర్చింది. అవ్వ పోయాక అది అత్తకు తప్ప ఎవరికీ రాదు. గురువారం పొద్దున పూజ కాగానే మా నాయన కళ్ళు మూసుకుని అది వినేవాడు. మూడో చరణంలో పెరట్లో దూడ “అంబా” అంటుంది. అత్త పాట ఆపకుండానే “ఛీ, నడువు!” అని అదిలించి మళ్ళీ రాగంలోకి వస్తుంది. ఆ చోటికి రాగానే మా నాయన కూడా కళ్ళు తెరవకుండా చెయ్యి విదిలించి “ఛీ, నడువు!” అనేవాడు. మాకు అది మంత్రపుష్పంలో భాగమే.

కేసెట్టు వీపున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. వాటిని విరిచేస్తే దానిమీద మళ్ళీ రికార్డు కాదు. మా నాయన ఆ రెండింటినీ కొబ్బరికాయ కొట్టినంత భక్తిగా విరిచాడు. ఆ కన్నాల్లో కాగితం కుక్కితే మళ్ళీ రికార్డవుతుందని భక్తులకు తెలియదు. విద్యావంతులకు తెలుసు.

ఒక శుక్రవారం సాయంత్రం రేడియోలో షార్ట్‌వేవ్ మీద ఒక ఇంగ్లీషు డిస్కో పాట తగిలింది. ఆ వారం మా కేసెట్టు వాడి వంతు, సెలవుకు వాడితోపాటు ఎమ్మిగనూరు పోయింది. పాట ఆగదు. మా నాయన కేసెట్టులో రెండో పక్క ఖాళీయేనని గుర్తొచ్చింది. ఏ కన్నం ఏ పక్కదో తేల్చుకునే తీరిక లేక, జేబులో ఉన్న పాత బస్సు టికెట్టు చింపి రెండిట్లోనూ కుక్కాను. ఖాళీ పక్కే పెట్టాననుకున్నాను. మర్నాడు పెట్టి వింటే హారతి మొదలు కావలసిన చోట డ్రమ్ములు మొదలయ్యాయి. అత్త ఎక్కడా లేదు. దూడ కూడా లేదు.

సోమవారం కాలేజీ మెట్ల మీద నా స్నేహితుడికి సంగతంతా చెప్పాను.

“ఆ డిస్కో నాకూ వినిపీ సామీ,” అన్నాడు. హాస్టలుకు పోయి విన్నాడు. “రెండు మార్కులు.”

“మార్కులు తర్వాత గానీ, గురువారం మా నాయనకు మొగం యాడ పెట్టుకోవాలప్పా?”

“మీయత్త ఉండాది గదా? పాట నోటికొచ్చు గదా? పోయి మళ్ళా పాడిచ్చుకోని వద్దాం.”

“దూడ?”

“పల్లెలో దూడలకేం కరువు సామీ!”

మంగళవారం కాలేజీ ఎగ్గొట్టి, హాస్టల్లో ఒకరిని బతిమాలి తెచ్చిన టేప్‌రికార్డరును ఒళ్ళో పెట్టుకుని హొళగుంద బస్సెక్కాము. మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. ఆమె నవ్వగా చూసినవాళ్ళు మా వంశంలో లేరు. మా ఇంటి పెళ్ళి ఫోటోలన్నింటిలోనూ ఆమె ఫోటోగ్రాఫరును మందలిస్తున్నట్టే ఉంటుంది. మేము చెప్పిందంతా విని, ముందు ఇద్దరికీ ఉగ్గాణి పెట్టింది. తిన్నాక అడిగింది.

“నా పాట తుడిసి ఏం పాట పెట్టినావు రా?”

డిస్కో వినిపించాను.

“పాపం, ఆయమ్మకు కడుపునొప్పా?”

సంచిలో మా ఇద్దరి కేసెట్టు కూడా ఉంది. “ఇంగేమేం ఉండాయి?” అంది. కవ్వాలి పెట్టాను. కదలకుండా విన్నది. “ఈయప్ప గూడా దేవుణ్నే పిలుస్తాండాడు. రవ్వంత గొంతు పెద్దదిగా పిలుస్తాండాడు, అంతే. మళ్ళా పెట్టు.” మళ్ళీ పెట్టాను. చక్కెర తక్కువ చాయ్ దగ్గర ఆమె తల ఊపింది. పదికి ఎన్ని అని అడిగితే ఆరు అంది. మా కేసెట్టు చరిత్రలో ఆరు ఎవరూ ఎరగరు.

పాట ఆమె ఒక్క తడబాటు లేకుండా పాడుతుంది. చిక్కల్లా దూడతోనే. పాత దూడ ఇప్పుడు రెండు ఈతల ఆవు. పెరట్లో నెమరు వేస్తూ మమ్మల్ని చూసింది తప్ప నోరు తెరవలేదు. పక్కింటి దూడను తోలుకొచ్చాము. అది మైకు నాకింది. ఇక గత్యంతరం లేక నా స్నేహితుడు గొంతు సవరించుకున్నాడు. మూడో చరణం రాగానే భజనలో నలిగిన ఆ గొంతు విప్పి ఒక్క అరుపు అరిచాడు.

అత్త పాట ఆపేసింది. “అది దూడా నాయనా? దున్నపోతు.”

రెండోసారి సన్నగా అరిచాడు.

“దూడకు ఆకలుండల్ల. నీకు ఇప్పుడే ఉగ్గాణి పెట్టినా గదా, ఇంగ యాడొస్తాది? తల్లిని కట్టేసి పాలు పిండుతాండారనుకో. నీకు మిగల్లేదనుకో.”

వాడు అనుకున్నాడు. బాగా అనుకున్నాడు. మూడోసారి వాడి అరుపుకు పెరట్లో ఆవు లేచి నిలబడింది. అత్త “ఛీ, నడువు!” అంది. ఆ వెంటనే ఏదో చిన్న శబ్దం చేసింది. దగ్గేమో అనుకున్నాను. బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, నాలుగోసారికి ధైర్యం చాలలేదు.

గురువారం మా నాయన పూజ ముగించి మీట నొక్కాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను తలుపు పక్కన చాలా శ్రద్ధగా పేపరు చదువుతున్నాను. తర్వాత తెలిసింది, తలకిందులుగా అని. మూడో చరణం వచ్చింది. దూడ అరిచింది. మా నాయన చెయ్యి లేచింది, గాల్లోనే ఆగిపోయింది. “ఛీ, నడువు” అన్నది అత్త ఒక్కతే. తర్వాత ఆ చిన్న శబ్దం. రికార్డరులో అది స్పష్టంగా నవ్వు.

పాట అయిపోయాక కేసెట్టు బయటికి తీశాడు. వీపు తిప్పి చూశాడు. నేను తీయడం మరిచిపోయిన టికెట్టు ముక్కలను పిన్నుతో లాగి పక్కన పెట్టాడు.

“మా అక్క దూడను చూసి నవ్వే మనిషి కాదు,” అన్నాడు.

నేను పేపరు మడిచాను.

“ఎవుర్రా దూడ?”

“ఎమ్మిగనూరు, నాయనా,” అని హొళగుంద సంగతంతా, మిగలని పాలతో సహా, చెప్పేశాను.

“దీన్ని తుడిసి ఏం పాట ఎక్కించినావు?”

డిస్కో పాటను అప్పటికే మా కేసెట్టు చివరికి మార్చి పెట్టుకున్నాను. వినిపించాను. మొదటినుంచి చివరిదాకా విన్నాడు. తిడితే బాగుండేది.

“దీనికా?” అన్నాడు. అంతే.

తన కేసెట్టు తిరిగి పెట్టి, ఆ నవ్వు దగ్గరికి టేపు తిప్పి మళ్ళీ విన్నాడు. మూడుసార్లు విన్నాడు. “చిన్నప్పుడు ఇట్లే నవ్వుతాండె,” అని ఎవరితోనో అన్నట్టు అన్నాడు. తర్వాత నాతో, “ఆ దూడను ఒకసారి ఇంటికి పిల్చుకోని రా,” అన్నాడు.

ఆదివారం వాడు వచ్చాడు. మా నాయన వాకిట్లోనే చూసి లోపలికి కేక వేశాడు. “దూడ వచ్చింది, కాఫీ కలుపు. పాలు ఎక్కువెయ్యి, మిగల్లేదనుకుంటాడు.” వాడిని ఎదురుగా కూర్చోబెట్టి పాట మొత్తం వినిపించాడు. తన గొంతు ఎవరితోనూ కలవకుండా విడిగా వినబడగానే వాడు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

“ఎన్ని మార్కులు సామీ?” అని నన్ను చూశాడు.

మర్యాద ప్రకారం నాలుగు అనాలి. నేను నోరు తెరిచేలోగా మా నాయన, “ఏడు,” అన్నాడు.

ఆ తర్వాత గురువారాల్లో ఆయన ఆ చోట దూడను అదిలించడం మానేశాడు. చెయ్యి లేపేవాడు, కళ్ళు మూసుకునే నవ్వేవాడు.