ఉల్టో కోర్బో?

ఇది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మీకు నవ్వొస్తే నవ్వుకోండి. తొందరపాటు నోటితో సొంత అక్క పెళ్లిని ఒకసారి కాదు, రెండుసార్లు తగలబెట్టిన ఘనుణ్ని నేను.

అప్పుడే ఒక పాత కెమెరా కొన్నాను. ఇక కాళ్లు నేలమీద ఆగలేదు. ఏక్‌బాల్‌పూర్‌లో మా గ్రేసక్క పెళ్లి కుదరగానే, “ఫోటోగ్రాఫరెందుకక్కా? బ్లాక్ అండ్ వైట్ స్లైడ్ ఫిల్మ్ మీద నేను తీస్తాను. తెరమీద సినిమాలా చూద్దురుగాని” అన్నాను. పాపం, నమ్మింది. మాట్లాడుకున్న ఫోటోగ్రాఫర్‌ని వద్దనేసింది. అంతటితో ఊరుకున్నానా? చర్చిలో ఫోన్ తీసినవాళ్లందరి మీదా కసిరాను. అంటే ఆ పెళ్లికి ఫోటోలంటూ ఉంటే నావే.

ఫిల్మ్ కడిగించడానికి ఖిదిర్‌పూర్‌లో ఒక దుకాణానికెళ్లాను. కౌంటరు వెనక ఉన్న బెంగాలీ దాదా రీలు చూసి, “ఉల్టో కోర్బో?” అన్నాడు. తిరగెయ్యనా అని!

నాకు ఎక్కడో కాలింది. మా అక్క పెళ్లిని తలకిందులు చేస్తాడట!

“ఉల్టో ఏమిటయ్యా? ఉల్టో నా! శోజా! శోజా!” అని కౌంటరు గుద్దాను. తిరగెయ్యొద్దు, తిన్నగానే ఉంచమని!

“ఠీక్ ఆఛే” అన్నాడు.

వచ్చిన స్లైడ్లు ముందుగా చూసుకోవద్దూ? చూసుకుంటే నేనెందుకవుతాను! ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో దుప్పటి కట్టి, వియ్యాలవారిని ముందు వరసలో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ వేశాను.

తెరమీద నల్లచీరలో అక్క. పక్కన తెల్లసూటులో బావ. బొగ్గు నమిలినట్టు నల్లటి పళ్లతో ఇద్దరూ నవ్వుతున్నారు.

అక్క అత్తగారు లేచి నిలబడింది. “ఏటిది? మేం పెట్టిన తెల్లచీరేదీ? ఇది పెళ్లా, భూస్థాపనా?”

“ఒరే, ఆపరా!” అని అక్క అరిచిన అరుపుకి ప్రొజెక్టర్ నేనాపానో, అదే భయపడి ఆగిందో గుర్తులేదు.

మర్నాడు దుకాణం మీదికి యుద్ధానికెళ్లాను. దాదా చల్లగా చెప్పాడు. ఫిల్మ్‌ని మామూలుగా కడిగితే నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. స్లైడ్ కావాలంటే దాన్ని మళ్లీ తిరగెయ్యాలి. ఆ తిరగెయ్యడమే ఉల్టో. వద్దన్నది నేనే! అయినా కాగితం మీద ప్రింట్లు వేస్తే రంగులు సరిపోతాయన్నాడు. స్లైడు చేతిలోకి తీసుకుని మళ్లీ అడిగాడు, “ఉల్టో కోర్బో?”

ఈసారి మోసపోతానా?

“ఉల్టోనే! ముమ్మాటికీ ఉల్టోనే!”

ప్రింట్లొచ్చాయి. చీర తెలుపు, సూటు నలుపు. కానీ అక్క పైట కుడిభుజం మీదికి పోయింది, బావ గడియారం కుడిచేతికెక్కింది. ఆ పూట అతనడిగిన ఉల్టో, కుడిఎడమలు తిప్పనా అని!

అక్క ఆ ఫోటోని అద్దానికి ఎదురుగోడకి తగిలించింది. వచ్చినవాళ్లకి అద్దంలోనే చూపిస్తుంది. “మా తమ్ముడు తీసేడండీ, ఇలా తిరిగి సూడండి” అంటుంది పళ్లు నూరుతూ. నామీద కోపం మాత్రం ఏ అద్దమూ అక్కర్లేకుండా శోజాగానే వస్తుంది.

మొన్న మేనకోడలి పుట్టినరోజుకి పిలిచింది. “ఒరే, ఒట్టి చేతుల్తో రా” అంది. మేనమామని ఒట్టి చేతులతో రమ్మన్న ఇల్లు ఎక్కడైనా ఉందా?

అందుకే సకల కెమెరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దాదా ఏమడిగినా ముందు అర్థమేమిటో కనుక్కుంటాను. కోపం ఆ తర్వాతే తెచ్చుకుంటాను.