కొట్టేసిన పేరా

మా ఆఫీసులో ఆవిడను అందరూ అనుమానాలక్కయ్య అంటారు. ప్రూఫులు దిద్దడం ఆవిడ ఉద్యోగం. రాతప్రతి నేను పైకి చదువుతుంటే, అచ్చుకు వెళ్లబోయే పేజీ మీద ఆవిడ పెన్సిలు నడిపిస్తుంది. ఎవరైనా మంచిమాట రాస్తే చాలు, "ఎందుకు రాశాడో చూడు" అంటుంది.

మాది ఫ్యాక్టరీల యజమానులు, మంత్రుల సలహాదారులు చదివే వ్యాపార పత్రిక. అలాంటిదానికి ఆవిడ సొంత అన్నయ్య వ్యాసం రాశాడు! ఒకప్పుడు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కరపత్రాలు పంచిన మనిషి. కంపెనీల పెత్తనంలో పనివాళ్లకు వాటా ఉండాలని రాశాడు. ఎడిటరు పొంగిపోయి ముఖచిత్రంగా ఆయన ఫోటో వేద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. కింద మా అచ్చు యంత్రాల దగ్గర ముప్పై మందిని తీసేస్తున్నామని నోటీసు అంటించింది ఈ యాజమాన్యమే మరి.

ఆ ముప్పై మంది గురించి వ్యాసంలో ఒక పేరా ఉంది. అక్కయ్య చిత్తుప్రతి ఇంట్లోనే చదివింది. నలుగురి కంటా పడితే సిగ్గుకైనా నోటీసు వెనక్కి తీసుకుంటారని ఆశపడి, పేరా వస్తుందని మెషిన్ మేస్త్రీకి మాటిచ్చేసింది.

చివరి ప్రూఫులో ఆ పేరా లేదు.

"చూశావా? అన్నయ్యను బుట్టలో వేసుకుని అసలుది కోసేశారు," అంటూ లేచింది.

మా దగ్గర వాక్యం తీయించినవాళ్లు పక్కన సంతకం పెట్టాలి. ఎడిటరు గదిలోకి విసురుగా వెళ్లి, మొదటి ప్రూఫు తెచ్చి నా బల్ల మీద పరిచింది. పేరా మీద అడ్డగీత. పక్కన అన్నయ్య సంతకం.

అక్కడి నుంచే ఫోన్ చేసి, నాకూ వినపడేలా పెట్టింది. "ఎవరు తీసేయమన్నారు అన్నయ్యా?"

"ఎవరూ అనలేదమ్మా. అంటారేమో అనిపించింది. మిగతాదైనా రానీ అని..."

"మిగతాదానివల్ల ఎవడి కుర్చీ కదులుతుంది?" అని పెట్టేసింది. కళ్లనిండా నీళ్లు.

"ఎడిటరే తీసేశాడని చెప్పేద్దాం అక్కా. అందరూ నమ్ముతారు," అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ మెట్లు దిగింది. వెనకే నేనూ వెళ్లాను. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"పడిందా అక్కా?"

"లేదు తమ్ముడూ. మా అన్నయ్యే కొట్టేశాడు. ఎవరూ అడగలేదు, తనంతట తనే."

మేస్త్రీ ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు.

"ఇలా చెప్పమని ఎడిటరు పంపించాడా అక్కా?" అన్నాడు.