ఆ కళ్ళజోడు ఏమైంది?

ఆ పొద్దున మా సినిమా గ్రూపులో ఒక కొత్త సినిమా ముగింపు గురించి వాదన జరుగుతోంది. హీరో చివర్లో తలుపు ఎందుకు తెరిచాడో ఎవరికి తోచింది వాళ్ళు రాస్తున్నారు. మధ్యలో ఎదురింటి అక్క నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఆమె కూడా వాదనలోకి దిగిందనుకున్నాను. రాసింది ఆమెతో పనిచేసే నర్సు. "సిస్టర్ డ్యూటీలో పడిపోయారు. ఇక లేరు."

నాకు అప్పటినుంచీ కుదురు లేదు. పొయ్యి మీద కూర పెట్టి హాల్లోకి వస్తాను, ఎందుకొచ్చానో తెలియదు. మళ్ళీ వంటింట్లోకి వెళ్తాను.

గల్ఫ్‌లో మేముండే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒకే విల్లాను భాగాలు చేసి అద్దెకిచ్చారు. ఒక దాంట్లో మేము, ఎదుటి దాంట్లో ఆమె. కాకినాడ వైపు మనిషి, పక్కనున్న ముసఫ్ఫాలో ఒక క్లినిక్‌లో నర్సు. కరోనా రోజుల్లో గడప దాటలేక విల్లాలోని తెలుగువాళ్ళం పెట్టుకున్న గ్రూపది. అందరం సినిమాల్లో తప్పులు పట్టేవాళ్ళం. ఆమె మాత్రం దేన్నీ తప్పని ఒప్పుకునేది కాదు. ఒక సినిమాలో ముసలి తండ్రికి మొదట కళ్ళజోడు ఉంటుంది, తర్వాత ఉండదు.

"డైరెక్టర్ మర్చిపోయాడక్కా" అన్నాడు మేడ మీది ఇంజనీరు.

"ఆయన మర్చిపోతే మర్చిపోయాడు. ఆ కళ్ళజోడు ఏమైందో చెప్పు. పగిలుంటది. కొత్తది కొనమని కొడుకుని అడగడానికి మొహమాటపడుంటాడు."

నవ్వుకున్నాం. కానీ ఆ సినిమా మళ్ళీ చూసినప్పుడు, కంచం ముందు ఆ తండ్రి కళ్ళు చికిలించడం ఒక్కటే నాకు కనిపించింది. "ఊరికే ఏదీ మాయమవదమ్మా" అనేది అక్క.

ఆ ఏడాదే, ఆంక్షలు సడలాక, మా ఆయన ఉద్యోగం పోయింది. ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదు, నాతోనూ మాట్లాడేవాడు కాదు. ఒక మధ్యాహ్నం అక్క తలుపు కొట్టింది.

"తమ్ముడు డ్యూటీకి వెళ్ళట్లేదా?"

"లీవ్‌ల ఉన్నడక్కా."

"లీవైతే నిన్ను మాల్‌కైనా తిప్పేవాడు. కారు మీద దుమ్ము కదల్లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తమ్ముడూ, నిన్నటి సినిమాలో ఆ చిన్నోడు వాళ్ళన్నని ఎందుకు క్షమించాడంటావు?"

ఆయన గోడ వైపు చూస్తూ "క్షమించలే" అన్నాడు.

"మరి చెయ్యి పట్టుకున్నాడుగా?"

"పడ్తడని పట్టుకున్నడు."

అలా మొదలైంది. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చి, ఆయన కాదన్నదాన్ని ఔనని వాదించేది. కొత్త ఉద్యోగం దొరకడానికి నెలలు పట్టింది. ఆయన గొంతు మాత్రం అంతకు ముందే మా ఇంట్లో మళ్ళీ వినిపించింది. అది ఆమె చలవే.

ఆమె భౌతికకాయాన్ని ఊరికి తీసుకెళ్ళడానికి కొడుకు వచ్చాడు. ఇప్పుడు పెళ్ళైనవాడు. అతను బడికి వెళ్ళే వయసులోనే ఆమె ఈ గల్ఫ్‌కి వచ్చేసింది. గదిలో బట్టలు సర్దుతున్న అతనికి టీ తీసుకెళ్ళి, మాటల్లో ఆ కళ్ళజోడు సంగతి చెప్పాను. అతని చేతిలో చీర అలాగే ఆగిపోయింది.

"మా అమ్మ సినిమాలు చూసేదా ఆంటీ? ఫోన్లో మాతో ఎప్పుడూ తిన్నారా, జ్వరం తగ్గిందా, అంతే."

ఇక అడుగుతూనే ఉన్నాడు. ఎక్కడ కూర్చుని చూసేది, ఏడ్చేదా, మధ్యలో నిద్రపోయేదా. తెలిసినంతా చెప్పాను. నేల మీద కూలబడి విన్నాడు. బయట ట్యాక్సీ డ్రైవర్ హారన్ కొట్టి, "యల్లా భాయ్, ఫ్లైట్ కా టైమ్ హో గయా" అని ఫ్లైటుకి టైమైందంటూ తొందరపెట్టాడు. అతను తలుపు వైపు చూడలేదు.

"నవ్వేటప్పుడు ఎలా నవ్వేది ఆంటీ? ఇలాగేనా?" అని, నవ్వుతున్నట్టు తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపు చూశాడు.