డోరీన్ పక్క సీటు

డోరీన్ క్లెగ్‌ను హెసల్‌డెన్‌లో మంచి మనిషి అని ఎవరూ అనరు, గట్టి మనిషి అంటారు. ఏడో ఏట నాన్న భుజాలెక్కి ఆ ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలోకి వెళ్లింది. ఇరవై రెండేళ్లు బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దింది. నలభై ఒకటో ఏట నరాల జబ్బు కాళ్లు లాగేసుకుంటే చక్రాల కుర్చీ ఎక్కింది గానీ, హెసల్‌డెన్ టౌన్ జట్టు సొంతూళ్లో ఆడిన ఆట ఒక్కటీ మానలేదు. మొగుణ్ణి మాత్రం మానేసింది. అతనికి ఫుట్‌బాల్ గిట్టదు.

అప్పట్లో చక్రాల కుర్చీల కోసం మైదానం నడిమి గీతకు ఎదురుగా ఎత్తయిన అరుగు ఉండేది. స్టేడియం మేనేజరు మాల్కమ్ రిష్‌వర్త్ తొమ్మిదేళ్ల కిందట దాన్ని పడగొట్టి, ప్రకటనలిచ్చే పెద్దమనుషులు రొయ్యలు తింటూ ఆట చూడటానికి అద్దాల గది కట్టించాడు. కుర్చీలను ఒక మూలకు, ఎనిమిది వరసల జనం వెనక్కి నెట్టాడు. ఆ జనం లేచారంటే కుర్చీల్లోవాళ్లకు కనిపించేవి వీపులే. ఆ ఏడాదే చివరి ఆట చివరి నిమిషంలో టౌన్ గోల్ కొట్టి పై లీగులోకి వెళ్లింది. జన్మంతా ఎదురుచూసిన ఆ గోల్ పడుతుండగా డోరీన్ చూసింది ఎవరిదో గోధుమరంగు కోటు వెనక చిరుగు.

మర్నాడే వెళ్లి మేనేజరును నిలదీసింది.

"గోల్ వినపడిందా లేదా?" అన్నాడు రిష్‌వర్త్.

"వినపడింది."

"మరింకేం కావాలమ్మా?"

డోరీన్ కుర్చీ తిప్పుకుని వచ్చేసింది. ఆ మాటను మాత్రం తొమ్మిదేళ్లు ఊరగాయలా మూత బిగించి దాచుకుంది.

తర్వాత రిష్‌వర్త్ ఉద్యోగం పోయింది, దాంతోపాటు ఉచిత పాసూ పోయింది. ఈ జనవరిలో కప్పు పోటీకి దేశంలోకెల్లా పెద్ద జట్టు హెసల్‌డెన్ వస్తోందనేసరికి టిక్కెట్లన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. మిగిలింది డోరీన్ పక్క సీటు, కుర్చీలో వచ్చేవాళ్ల తోడుకని ఇచ్చేది. ఎప్పుడూ తోడొచ్చే చెల్లెలు బెరిల్‌తో "ఈసారికి టీవీలో చూసుకోవే" అని చెప్పి, సీటు ఖాళీగా ఉందన్న కబురు రిష్‌వర్త్ చెవిన పడేట్టు చూసింది డోరీన్. సాయంత్రానికల్లా అతను టోపీ చేత పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"పాతవి మనసులో పెట్టుకోకు డోరీన్. ఈ ఒక్క ఆట చూసి చస్తాను."

"దానికేం భాగ్యం! రా మాల్కమ్."

అతనికి తెలియని సంగతి ఒకటుంది. కొత్త మేనేజరమ్మ గోల్ స్తంభాల వెనక కొత్తగా ఎత్తయిన అరుగు కట్టించి, మొదటి చోటు డోరీన్‌కే ఇచ్చింది. "ఈ ఒక్క ఆటకూ నన్ను పాత మూలలోనే ఉంచు తల్లీ" అంది డోరీన్. ఆ అమ్మాయి తెల్లబోయింది. మొగుడు పోయినా సరే, సవతి ముండమొయ్యాలన్న సామెత హెసల్‌డెన్‌లో లేదు గానీ, ఆ విద్య డోరీన్‌కు ఒకరు నేర్పక్కర్లేదు.

శనివారం మూడింటికి, సన్నటి జల్లులో ఆట మొదలైంది. రిష్‌వర్త్ వేడి వేడి మాంసం కూరిన రొట్టెలు తనకొకటి, డోరీన్‌కొకటి కొనుక్కొచ్చాడు. ముందు వరసలు లేవగానే తనూ లేచాడు.

"కూర్చో మాల్కమ్" అంటూ డోరీన్ గోడమీది బోర్డు చూపించింది. తోడు వచ్చినవారు లేచి నిలబడరాదు, కుర్చీని వదిలి వెళ్లరాదు, అలా చేస్తే ఇద్దరినీ బయటికి పంపుతాం. కింద సంతకం అతనిదే. పసుపు జాకెట్టు కాపలావాడు అప్పటికే ఇటు చూస్తున్నాడు.

"ఇది నేను పెట్టిందే కదా" అన్నాడు నీరసంగా.

"సంతకం ముద్దుగా ఉంది."

అతను అటు వంగాడు, ఇటు వంగాడు, మెడ సాగదీశాడు. చేతిలో రొట్టె చల్లారిపోయింది. రెండు జట్లకూ గోల్ లేదు. ఎనభై తొమ్మిదో నిమిషంలో జనం మొత్తం ఒక్కసారిగా లేచి అరిచిన అరుపుకి రేకుల కప్పు అదిరింది. టౌన్ గోల్ కొట్టింది.

"ఎవరు కొట్టారు? తలతోనా, కాలితోనా? చెప్పు డోరీన్!" రిష్‌వర్త్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

డోరీన్‌కూ తెలియదు. ఆమె చూసిందీ వీపులే. కొత్త అరుగు మీద ఉండుంటే బంతి వల తాకడం కళ్లారా చూసేది.

"వినపడిందా లేదా?" అంది.

"వినపడింది" అన్నాడు రిష్‌వర్త్.

"మరింకేం కావాలి నాయనా?" అంటూ డోరీన్ అతని చేతిలోని రొట్టె లాక్కుని, ఆ చల్లటి మాంసాన్ని తృప్తిగా నమిలింది.