కేబుల్ విప్పేసిన తర్వాత

దయ్యాల కథలు ఎవరు చెప్పినా నవ్వేవాణ్ని. ఆర్మూర్‌లో ఇరవై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నాను. బండి కదలకపోతే ఏదో అరిగి ఉంటుంది, తెగి ఉంటుంది, లేదా వదులై ఉంటుంది. అంతకు మించి ఏమీ ఉండదని నా నమ్మకం. ఇప్పుడు రాసేది నాకు మంచిపేరు తెచ్చే సంగతి కాదు.

పోయిన పసుపు సీజన్‌లో బాల్కొండ నుంచి నర్సన్న కాక తన పాత కారు తెచ్చాడు. మాకు చుట్టం కాదు, కానీ ఎప్పుడూ నా షెడ్డుకే వస్తాడు. పక్క సీట్లో ఆయన భార్య గంగవ్వ.

"లొల్లి మస్తు చేస్తది సాయిలూ, నడక లేదు. గీమె లెక్కనే," అన్నాడు.

"లొల్లి నీది, నడక నాది. పొద్దంత కల్లంల పసుపు ఆరబోసేది ఎవరో?" అంది గంగవ్వ. ముగ్గురం నవ్వాం.

క్లచ్ ప్లేటు అరిగిపోయింది. గేర్‌బాక్స్ దింపి కొత్తది వేయాలి, రోజంతా పని. షెడ్డు ముందు బండ్లు వరుసకట్టి ఉన్నాయి. ప్లేటు మార్చకుండా క్లచ్ కేబుల్ కొంచెం వదులు చేశాను. అలా చేస్తే కొన్నాళ్లు బండి లాగుతుంది. సాయంత్రం ఆయన వస్తే, "కొత్త ప్లేటు ఏసిన కాకా, ఇగ ఫికర్ లేదు," అన్నాను.

రెండు వారాలు తిరక్కముందే, ఒక ఉదయం గంగవ్వకు గుండెల్లో నొప్పి వచ్చింది. నర్సన్న ఆమెను కారులో దవాఖానకు తీసుకుపోతుంటే హైవే మీద బండి లాగడం మానేసింది. ఇంజన్ మాత్రం అరుస్తూనే ఉందట. ఆటో దొరికి ఆర్మూర్ చేరేసరికి ఆమె ప్రాణం పోయింది.

దినాలు అయ్యాక కారును తాడు కట్టి మళ్లీ నా దగ్గరికే తెచ్చారు.

"కొత్త ప్లేటే గద సాయిలూ? గింత జల్దీ ఎట్ల పోయింది?" అని అడిగాడు నర్సన్న.

మా పనిలో ఇలాంటప్పుడు చెప్పే జవాబు ఒకటుంది. అదే చెప్పాను. "నువ్వు పెడల్ మీద కాలు ఆనిచ్చి నడుపుతవ్ కాకా. గట్లయితే కొత్తదైనా కాలిపోతది."

ఆయన తన ఎడమ కాలి వంక చూసుకున్నాడు. "అయితే నేనే సంపుకున్ననా?"

నేను బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చాను.

మర్నాడు నిజంగానే కొత్త ప్లేటు వేశాను. హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేరులో క్లచ్ వదిలాను. క్లచ్ బాగుంటే ఇంజన్ ఆగిపోవాలి. ఆగలేదు. మళ్లీ దింపి చూశాను. ప్లేటు మీద నూనె మరక కూడా లేదు. మూడోసారి బిగించినా అంతే.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, షెడ్డులో నేనొక్కణ్నే. కారు తలుపులు మూసి కిందికి దూరాను. గేర్‌బాక్స్ పక్కన చిన్న ఇనుప చెయ్యి ఉంటుంది. పెడల్ తొక్కితే కేబుల్ దాన్ని లాగుతుంది. నేను చూస్తుండగా అది కొద్దిగా జరిగి అక్కడే నిలిచింది, పైన ఎవరో పెడల్ మీద కాలు ఆనించినట్టు. అప్పుడే ఇనుము మీద సన్నగా టిక్కుమంది. ఆ పెడల్‌కు రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. అది మెట్టె చప్పుడని ఒట్టేసి చెప్పలేను. నాకు అలాగే వినిపించింది.

లేచి చూశాను. లోపల ఎవరూ లేరు.

కేబుల్ పట్టేసిందేమో అనుకుని దాన్ని పూర్తిగా విప్పి పక్కన పడేశాను. ఇక ఆ ఇనుప చేతిని కదిపేది ఏదీ లేదు. మళ్లీ కిందికి దూరి దాని మీద వేలు పెట్టాను. అది నా వేలిని మెల్లగా నెట్టి ఆగింది. పైన మళ్లీ టిక్కుమంది.

గంగవ్వకు బండి నడపడం రాదు. అయినా నేను కాక మీద మోపిన తప్పే ఆ పెడల్ మీద జరుగుతోంది.

చేతుల గ్రీజు కడుక్కోకుండానే బాల్కొండ బస్సెక్కాను. నర్సన్న కల్లంలో ఊరికే కూర్చుని ఉన్నాడు. తిండి మానేశాడని చూస్తేనే తెలుస్తోంది.

"కాకా, నేను ప్లేటు ఏయలే. రెండుసార్లు అబద్ధమాడిన. నీ కాలు తప్పు లేదు."

"నా కాలు తప్పు లేదా?"

"లేదు కాకా."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మొహం కండువాలో దాచుకుని గట్టిగా ఏడ్చాడు. తర్వాత, "పో సాయిలూ. మల్ల నా కండ్ల పడకు," అన్నాడు.

తిరిగొచ్చి కేబుల్ తగిలించాను. మొదటి పరీక్షకే ఇంజన్ ఆగింది. నర్సన్న పంపిన ఇంకో మెకానిక్ బండి చూసి, ఏ లోపమూ లేదని నడుపుకుంటూ పోయాడు. పోయే ముందు, ఆ చెయ్యి దానంతటదే కదిలిందని నేనంటే, లోపలి స్ప్రింగ్ ఏదో జరిగి ఉంటుందన్నాడు. కావచ్చు. మూడుసార్లు విప్పిన నాకు అది కనిపించలేదు.

ఆ చెయ్యి ఎలా కదిలిందో ఈ రోజుకూ చెప్పలేను. నన్ను అంతకంటే భయపెట్టేది వేరే ఉంది. అది కదలకపోయి ఉంటే నేను బాల్కొండ పోయేవాణ్ని కాదు.